కాలు తీసినా దిగని ముల్లు

*కొత్త మాన్యువల్ కారు కొన్న కుర్రాళ్ల నోట ఇప్పుడు ఒకటే ఫిర్యాదు. యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజను వెంటనే దిగదు. అది జబ్బా, కావాలని పెట్టిన గుణమా? దాన్ని వదిలించుకుందామని మొదలెట్టిన ఫిట్టింగులు ఎందాకా తీసుకెళ్తాయి?*

విజయవాడ ఆటోనగర్. మే నెల మధ్యాహ్నం. రేకుల షెడ్డు కింద నిలబడితే నడినెత్తిన పెనం బోర్లించినట్టుంది. పక్క వీధిలో లారీ బాడీ కడుతున్నారు, సుత్తి దెబ్బలు లయ తప్పకుండా వినిపిస్తున్నాయి. నా పాత కారుకి బ్రేకు ప్యాడ్లు మార్పిద్దామని వెళ్లి, టైరు మీద కూర్చుని టీ తాగుతున్నాను. షెడ్డు మూల ఓ పది సైలెన్సర్లు గుట్టగా పడున్నాయి. చిల్లులు పడ్డవి కావు, కొత్తవాటిలాగే ఉన్నాయి. ఒక్కోదాని మీదా సుద్దముక్కతో ఫోన్ నంబరు రాసి ఉంది. ఎందుకో అప్పటికి నాకు తట్టలేదు.

ఎర్ర హ్యాచ్‌బ్యాక్ ఒకటి వచ్చి ఆగింది. బంపరుకి నిమ్మకాయా మిరపకాయలూ, వెనక సీటుకి ఇంకా తీయని ప్లాస్టిక్ కవరు. దిగిన కుర్రాడికి పాతికేళ్లుంటాయేమో.

"బాబాయ్, ఇంజను మాట వినట్లేదు."

"ఏం చేస్తోంది?" మేస్త్రి చేతులు గుడ్డకి తుడుచుకుంటూ లేచాడు.

"రేజు ఇచ్చి కాలు తీస్తే ముల్లు దిగట్లా. అక్కడే వేలాడుతోంది. గేరు మార్చినప్పుడల్లా కుదుపు. మొన్న మా నాన్న ఎక్కి, ఇదేం డ్రైవింగురా అన్నాడు."

"షోరూములో చూపించావా?"

"చూపించా. అన్ని బండ్లూ ఇంతే సార్ అన్నారు."

"అబద్ధం చెప్పలేదులే," అన్నాడు మేస్త్రి.

కుర్రాణ్ణి మళ్లీ డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగు కింద స్కానరు గుచ్చాడు. తెర మీద రెండు గీతలు. ఒకటి పెడల్‌ది, రెండోది ఇంజనులోకి గాలిని వదిలే థ్రాటిల్‌ది. "బండి న్యూట్రల్‌లోనే ఉంచి మూడు వేలకి తీసుకెళ్లు. ఠక్కున వదులు." కుర్రాడు వదిలాడు. పెడల్ గీత గోడ మీంచి దూకినట్టు సున్నాకి పడింది. థ్రాటిల్ గీత మాత్రం మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన మెట్లు దిగినట్టు, ఒక్కో అడుగూ చూసుకుంటూ దిగింది. ఆర్పీఎం ముల్లు ఆ రెండో గీత వెనకాలే నడిచింది.

"చూశావా? నువ్వు కాలు తీశావు. కారు తీయలేదు."

ఇష్టపడి కొన్నవాడికే కోపం

కార్ల పిచ్చోళ్లు దీన్ని 'రెవ్ హ్యాంగ్' అంటారు. ఇది ఇవాళ పుట్టిందేమీ కాదు. మరి ఫిర్యాదు ఇప్పుడే ఎందుకు ఇంత గట్టిగా వినిపిస్తోంది? నాకు తోచిన కారణం ఒకటుంది. ఒకప్పుడు మాన్యువల్ గేర్లు మనం ఎంచుకున్నవి కావు, వేరే దారి లేక నడిపినవి. ఆటోమేటిక్ అంటే పెద్ద కారు, పెద్ద డబ్బు. 2014లో మారుతి సెలెరియోతో ఏఎంటీ అనే చవక ఆటోమేటిక్ చిన్న కార్లలోకి దిగాక లెక్క మారింది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో రోజుకి రెండొందలసార్లు క్లచ్ తొక్కలేనివాళ్లంతా అటు వెళ్లిపోయారు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో తయారయ్యే కార్లలో ఐఎంటీ అని ఒకటి వచ్చింది. అందులో గేరు రాడ్డు చేత్తోనే వేయాలి, క్లచ్ పెడల్ మాత్రం ఉండదు, ఆ పని ఎలక్ట్రానిక్స్ చూసుకుంటుంది.

ఇక ఇవాళ మూడు పెడళ్ల కారు కొనేవాళ్లలో ఒక జాతి పొదుపు కోసం కొంటుంది. ఇంకో జాతి మోజుతో కొంటుంది. ఐ20 ఎన్ లైన్‌కి 2023లో ఆరు గేర్ల మాన్యువల్ వచ్చిందని, 2024లో వచ్చిన ఆల్ట్రోజ్ రేసర్‌లో 120 పీఎస్ ఉందని నిద్రలో లేపి అడిగినా చెప్పే జాతి అది. 2022లో పోలో ఆగిపోయినందుకు ఇంట్లో మనిషి పోయినంత బాధపడ్డది కూడా ఆ జాతే. ఇంజనుతో నేరుగా మాట్లాడదామని మాన్యువల్ కొన్నవాడికి, మధ్యలో దుబాసీ ఒకడు కూర్చున్నాడని తెలిస్తే మండదా?

తీగ పోయి వైరు వచ్చింది

మారుతి 800 రోజుల్లో దుబాసీ లేడు. యాక్సిలరేటర్ పెడల్‌కి ఒక ఉక్కు తీగ, ఆ తీగ రెండో కొస కార్బొరేటర్‌లోని గుండ్రటి రేకుకి. మెకానిక్కులు దాన్ని బటర్‌ఫ్లై అంటారు. కాలు వణికితే అదీ వణికేది. తీగ తెగితే బానెట్ కింద తాడు కట్టి, కిటికీలోంచి చేత్తో లాగుతూ ఇంటికి చేరిన కథలు మా పెదనాన్నల తరంలో ఇంటికొకటి ఉంటాయి.

ఇప్పటి కారులో పెడల్ దగ్గర తీగ లేదు. పెడల్ మొదట్లోనే రెండు సెన్సార్లుంటాయి. రెండెందుకంటే ఒకటి చెప్పింది నిజమో కాదో ఇంకోటి సాక్ష్యం చెప్పాలి. రెండిటి మాటా కలవకపోతే కారు తన బలాన్ని తగ్గించేసుకుని, ఇంటిదాకా పాకడానికి సరిపడా మాత్రమే ఇస్తుంది. సెన్సార్ల కబురు ఈసీయూ అనే కంప్యూటర్‌కి వెళుతుంది. బటర్‌ఫ్లైని ఎంత తెరవాలో అది నిర్ణయించి ఒక చిన్న మోటారుకి చెబుతుంది. ఖరీదైన జర్మన్ కార్లలో 1980ల చివర మొదలైన ఈ పద్ధతి, బీఎస్ 6 పొగ ప్రమాణాల నాటికి మన చిన్న కార్లలోనూ మామూలైపోయింది.

మేస్త్రి ఆ రోజు నా కారు గాలి గొట్టం విప్పినప్పుడు బటర్‌ఫ్లైని దగ్గరగా చూశాను. పాత ఇత్తడి నాణెం రంగు రేకు, అరచేతిలో ఇమిడేంత. అంచు చుట్టూ కాటుకలా నల్లటి మసి వలయం. తాళం తిప్పి పెడల్ నొక్కితే కీచుమని సన్నగా మూలుగుతూ తెరుచుకుంది. వేలు పెట్టబోతే మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. "తోయకండి సార్, లోపల ప్లాస్టిక్ పళ్లుంటాయి. విరిగితే మొత్తం మార్చాలి." ఆ మసి పేరుకుంటే ఐడిలింగు ఊగిసలాడుతుంది. శుభ్రం చేశాక కొన్ని కార్లలో స్కానరుతో మళ్లీ 'నేర్పించాలి', లేకపోతే ఆర్పీఎం కాసేపు పిచ్చిగా ఉంటుంది. వారంటీ దాటిన కారులో రెవ్ హ్యాంగ్ ఉన్నట్టుండి పెరిగిందంటే ముందు చూడాల్సింది ఇక్కడే. కొత్త కారులో అయితే ఇక్కడ చూసేదేమీ ఉండదు.

పొగ గొట్టం కోసం ఆ ఒక్క క్షణం

ఈసీయూ మన మాట వెంటనే ఎందుకు వినదు? దానికి ఇంకో యజమాని ఉన్నాడు గనక. ఆ యజమాని పొగ గొట్టంలో, సైలెన్సర్‌కి ముందు ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్.

పెట్రోలు ఇంజను పొగలోని మూడు విషాలను ఒకేసారి విరిచే డబ్బా అది. కానీ మహా నిష్ఠాపరురాలు. ఒక గ్రాము పెట్రోలుకి సుమారు 14.7 గ్రాముల గాలి అన్న లెక్క అటూ ఇటూ కదిలితే పని మానేస్తుంది. మూడు వేల ఆర్పీఎం దగ్గర కాలు ఠక్కున తీసి, బటర్‌ఫ్లై కూడా ఠక్కున మూసుకుందనుకోండి. లోపల శూన్యం ఒక్కసారిగా పెరుగుతుంది. గాలి దారి గోడలకి తడిగా అంటుకుని ఉన్న పెట్రోలు ఆవిరై లోపలికి పోతుంది. దానికి తగ్గ గాలి ఉండదు. సగం కాలి సగం కాలక బయటికొస్తుంది. పోనీ పెట్రోలు మొత్తం కట్టేద్దామంటే ఇంజను ఉత్త గాలిని మింగి ఉత్త గాలినే వదులుతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌తో కన్వర్టర్ కడుపు నిండిపోతుంది. మళ్లీ కాలు నొక్కేసరికి నైట్రోజన్ ఆక్సైడ్లను విరవాల్సిన డబ్బా తిన్నది అరగక కూర్చుంటుంది.

అందుకే మధ్యేమార్గం. గేరు మార్చే ఆ అర క్షణం, క్షణం పాటు బటర్‌ఫ్లైని మెల్లగా మూసి, లెక్క చెదరకుండా ఇంజనును దింపుతారు. పెట్రోలు కార్లకి నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి బీఎస్ 4లో కిలోమీటరుకి 80 మిల్లీగ్రాములు, బీఎస్ 6లో 60. ఆ తేడా ఎక్కడెక్కడి నుంచో కూడబెట్టాలి. మన కాలు తీసిన క్షణం కూడా అందులో ఒక పద్దు.

ఇదొక్కటే కారణమైతే కంపెనీలను పూర్తిగా క్షమించేవాణ్ణి. రెండోది కూడా ఉంది. ఒకటో గేరులో పాకుతూ కాలు తీస్తే పాత తీగ కార్లు తలలూపించేవి. వెనక సీట్లో అమ్మమ్మ ఒళ్లోని పెసరట్టు పొట్లం ముందు సీటుకి తగిలేది. అది లేకుండా చేయాలని కంపెనీలు స్పందనను పనిగట్టుకుని మెత్తబరుస్తాయి. అమ్మమ్మకి హాయి, మనవడికి చిరాకు. ఎక్కువ కార్లు కొనేది అమ్మమ్మ ఉన్న ఇళ్లే కాబట్టి గెలిచేది ఆవిడే.

మూడోది ఇనుము. ఇంజను వెనక తిరిగే ఫ్లైవీల్ బరువు ఎక్కువైతే వేగం ఎక్కడానికీ దిగడానికీ సమయం పడుతుంది. మూడు సిలిండర్ల ఇంజను పుట్టుకతోనే కాస్త ఊగుతుంది, ఆ ఊపును మింగడానికి బరువు కావాలి. టర్బో ఉంటే ఎక్కేటప్పుడు ఇంకో ఆలస్యం తోడవుతుంది. టర్బో చక్రం పొగ తాకిడికి తిరగడం మొదలెట్టి గాలి నింపేదాకా ఆగాలి.

ఈ మధ్య పికప్ ఎక్కడ తగ్గినా నేరం ఇ20 పెట్రోలు మీద మోపడం రివాజైంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ కాబట్టి, 20 శాతం కలిపితే లీటరుకి దాదాపు 7 శాతం శక్తి తగ్గే మాట వాస్తవం. మైలేజీ తగ్గిందంటే నమ్ముతాను. ముల్లు వేలాడటానికీ దానికీ మాత్రం సంబంధం లేదు.

> ముప్పై ఏళ్ల పొగ లెక్క
>
> 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరైంది. సీసం కలిసిన పెట్రోలు ఆ కన్వర్టర్‌ని చంపేస్తుంది గనక సీసం లేని పెట్రోలూ అప్పుడే ఆ నగరాల్లో దిగింది, 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతా వచ్చింది. బీఎస్ 4 దేశవ్యాప్తంగా అమలైంది 2017 ఏప్రిల్ 1న. బీఎస్ 5ని దాటేసి 2020 ఏప్రిల్ 1న నేరుగా బీఎస్ 6లోకి దూకాం. 2023 ఏప్రిల్ నుంచి ప్రయోగశాలలో రోలర్ల మీదే కాక, నిజమైన రోడ్డు మీద కూడా పొగ కొలవాలన్న నిబంధన తోడైంది.

కుదుపు ఎక్కడ పుడుతుంది?

చిన్న లెక్క. రెండో గేరు నిష్పత్తి 1.90, మూడోది 1.28 ఉన్న కారు తీసుకోండి. మన చిన్న కార్లలో మామూలుగా కనిపించే అంకెలే ఇవి. రెండో గేరులో 3000 ఆర్పీఎం దాకా లాగి మూడోది వేస్తే, అదే స్పీడుకి ఇంజను 2000 దగ్గర తిరగాలి. అంటే క్లచ్ తొక్కి గేరు వేసి వదిలేలోపు ముల్లు వెయ్యి మెట్లు దిగాలి. తొందరపడి 2700 దగ్గరే క్లచ్ వదిలేశారా, మిగిలిన 700 దింపే భారం క్లచ్ ప్లేటు మీద పడుతుంది. ఆ రాపిడే కుదుపు. రోజూ అదే పని చేస్తే ప్లేటు అరిగే తేదీ ముందుకు జరుగుతుంది.

పాత కారులో పదేళ్లు నడిపినవాళ్లకే ఈ ఇబ్బంది ఎక్కువ. వాళ్ల కాళ్లు పాత తాళానికి అలవాటు పడ్డాయి. కుర్రాడి నాన్న విసుక్కున్నాడు గానీ, ఆయనకి తాళం ఇచ్చి చూడాల్సింది.

సంతలో దొరికే పికప్

ఇక్కడి నుంచి జేబుకి సంబంధించిన కథ. కుర్రాడి ఫోన్‌లో అప్పటికే ఒక జాబితా ఉంది: పెడల్ బాక్సు, శంఖం ఆకారపు ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు, రీమ్యాప్. ఒక్కోటీ చదివాడు. మేస్త్రి ఒక్కోదానికీ ఒక్కో రకంగా మొహం పెట్టాడు.

పెడల్ బాక్సు అంటే పెడల్‌కీ ఈసీయూకీ మధ్య దూర్చే చిన్న డబ్బా. కాలు మూడో వంతు నొక్కితే, రెండు వంతులు నొక్కాడని ఈసీయూకి చాడీ చెబుతుంది. కారు ఎగిరినట్టు అనిపిస్తుంది. ఇంజనులో ఒక్క గుర్రం కూడా పెరగదు. అదే కాలు ఇంకాస్త నొక్కితే వచ్చేదాన్ని ముందే ఇచ్చేస్తుంది, అంతే. సంబరం వారం రోజులుంటుంది. పైగా మన కుర్రాడి బాధ కాలు తీసినప్పటిది. సున్నాని సున్నా అని చెప్పడం తప్ప ఆ డబ్బా చేసేదేమీ లేదు. ట్రాఫిక్‌లో మాత్రం కారు ఉలిక్కిపడుతూ ఉంటుంది.

ఎయిర్ ఫిల్టరు విషయంలో మన ఎండలే మనకు శత్రువులు. కంపెనీ ఇచ్చిన ఫిల్టరు డబ్బా చూడ్డానికి చవకబారు ప్లాస్టిక్‌లా ఉంటుంది గానీ, దాని ముక్కు గ్రిల్లు వెనకాల ఉండి బయటి గాలి పీలుస్తుంది. దాన్ని పీకేసి బానెట్ కింద శంఖం పెడితే, అది ఇంజను సెగ కక్కిన గాలి తాగుతుంది. 35 డిగ్రీల గాలికీ 65 డిగ్రీల గాలికీ సాంద్రతలో దాదాపు 9 శాతం తేడా. డబ్బు పెట్టి పలచటి గాలి కొనుక్కున్నట్టు. వచ్చేదల్లా 'సుయ్‌' మని పీల్చే శబ్దం. ఆ శబ్దం బాగుంటుందని ఒప్పుకుంటాను, నాకూ ఇష్టమే. నూనె పూసే రకం ఫిల్టరయితే, నూనె ఎక్కువై గాలి కొలిచే సెన్సారు మీద పడ్డప్పుడు ఆ ఇష్టం ఖరీదవుతుంది. అదే డబ్బాలో, అదే కొలతలో కూర్చునే మంచి ఫిల్టరు పెట్టుకుంటే నష్టం లేదు, చెప్పుకోదగ్గ లాభమూ లేదు.

రీమ్యాప్ ఒక్కటే నిజంగా ఇంజను స్వభావం మార్చేది. ఈసీయూలోని పట్టికలను తిరగరాస్తారు. టర్బో ఇంజనులో తేడా గట్టిగా తెలుస్తుంది, టర్బో లేనిదాంట్లో ఖర్చుకు తగ్గ ఫలితం ఉండదు. ముల్లు వేలాడటాన్ని కూడా చాలావరకు చెరిపేయొచ్చు. కానీ ఏం చెరిపేస్తున్నారో ఇప్పుడు మీకు తెలుసు: కన్వర్టర్ కోసం పెట్టిన ఆ క్షణాన్ని. పైగా పెరిగిన బలం క్లచ్చూ గేర్‌బాక్సూ మోయాలి. మళ్లీ పాత ఫైలు ఎక్కించేసి షోరూముకి వెళితే తెలియదనుకుంటారు. చాలా కార్లలో ఎన్నిసార్లు తిరగరాశారో ఈసీయూ లెక్క పెట్టుకుంటుంది. వారంటీ అడగబోతే ఆ లెక్కే ముందు బయటికొస్తుంది.

తేలిక ఫ్లైవీల్ గురించి కుర్రాడు ఆశగా అడిగాడు. ముల్లు చకచకా దిగుతుంది, నిజమే. దాంతోపాటు ఎర్ర లైటు దగ్గర స్టీరింగు వణుకుతుంది, వంతెన ఎక్కుతూ ఆగిన చోట ఇంజను ఆరిపోతుంది, న్యూట్రల్‌లో గేర్‌బాక్సు గలగలమంటుంది. "మూడు సిలిండర్ల బండికి అది పెడితే, ఎక్కినోళ్లంతా ఆటో అనుకుంటారు," అన్నాడు మేస్త్రి.

సుద్దముక్క రహస్యం

సైలెన్సర్ దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి ఏమీ మాట్లాడకుండా మూలనున్న గుట్ట వైపు చూశాడు. అప్పుడు అడిగాను, ఆ నంబర్లేంటని.

అవన్నీ కంపెనీ సైలెన్సర్లు. మోతది పెట్టించుకున్నవాళ్లు వీటిని ఇక్కడ వదిలి వెళతారు. పోలీసులు పట్టుకుని చలానా వేశాక పరుగున వస్తారు. ఏ సైలెన్సరు ఎవరిదో గొడవ రాకుండా సుద్దముక్క. హైదరాబాద్‌లో, విశాఖలో పోలీసులు మోత సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పేర్చి రోలరుతో తొక్కించిన ఫోటోలు పేపర్లలో చూశాం. వాటిలో ఎక్కువ బుల్లెట్ బండ్లవే. చట్టం మాత్రం రెండు చక్రాలకీ నాలుగు చక్రాలకీ ఒకటే.

> చట్టం ఏమంటోంది?
>
> మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52: తయారీదారు ఇచ్చిన వివరాలు ఆర్సీలో ఉంటాయి, వాటికి భిన్నంగా బండిని మార్చకూడదు. కేరళ హైకోర్టు ఇచ్చిన వెసులుబాటును పక్కనపెట్టి 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. అనుమతి ఉన్న సీఎన్‌జీ కిట్టు బిగించి ఆర్సీలో ఎక్కించుకోవడం వేరు, చెప్పకుండా మార్చుకోవడం వేరు. 2019 సవరణలో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకీ యజమానికి రూ.5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే సెక్షన్ 190(2) కింద రూ.10,000 దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సుకి అనర్హత. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు, యాక్సిడెంటు క్లెయిము రోజున గుర్తుకొస్తుంది.

ఇదే మోజు అమెరికాలో మనవాళ్లకి కాస్త తేలిగ్గా తీరుతుంది. అక్కడ మాన్యువల్ అంటేనే మ్యూజియం సరుకు. చేరిన తొలి ఏడాది ఏదో ఒక సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్‌తో సరిపెట్టుకుని, ఉద్యోగం వచ్చాక సివిక్ ఎస్ఐ కొనే తెలుగు కుర్రాళ్లున్నారు. 1.5 లీటర్ల టర్బో, 200 గుర్రాలు, ఆరు గేర్ల మాన్యువల్ మాత్రమే. రెవ్ హ్యాంగ్ గురించిన గొణుగుడు అక్కడా ఉంది. తమాషా ఏమిటంటే 2022 నుంచి అందులో గేరు దించేటప్పుడు కారే తగినంత రేజు ఇచ్చుకునే ఏర్పాటు వచ్చింది. అంటే గేరు పెంచేటప్పుడు సాగదీసే ఆ మోటారు బటర్‌ఫ్లైయే, దించేటప్పుడు మనకంటే చురుగ్గా పనిచేస్తోంది. తీగ రోజుల్లో అది కుదిరే పనే కాదు. బయటి పార్టు పెట్టినంత మాత్రాన వారంటీ కొట్టేయకూడదని 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం వాళ్లకి అండ. పొగకి సంబంధించిన పార్టయితే మాత్రం కాలిఫోర్నియాలో కార్బ్ అనే అక్కడి గాలి కాలుష్య మండలి అనుమతి నంబరు లేనిదే పొగ పరీక్ష గట్టెక్కదు.

ముందు రబ్బరు, తర్వాత బ్రేకు

డబ్బు ఖర్చు పెట్టందే నిద్ర పట్టదంటే ఏం చేయాలి? ఈ ప్రశ్న కుర్రాడు కాదు, నేను అడిగాను. మేస్త్రి నా బ్రేకు ప్యాడ్లు చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఒకటి గోరంత మందం మిగిలి ఉంది, రెండోది ఇనుము దాకా వచ్చేసింది. "ఇవి మార్చండి చాలు," అన్నాడు, ఇద్దరికీ కలిపి.

కంపెనీలు మధ్యరకం కార్లకి ఇచ్చే టైర్లు మైలేజీ కోసం ఎంచినవి. గట్టి రబ్బరు, తక్కువ రాపిడి. అదే కొలతలో మెరుగైన టైరు వేస్తే వానలో ఆగే దూరం, మలుపులో పట్టు రెండూ మారతాయి. ఒక అంగుళం పెద్ద రిమ్ము కావాలంటే టైరు గోడ తగ్గించి మొత్తం చుట్టుకొలత అంతే ఉండేలా చూసుకోవాలి. లేదంటే స్పీడోమీటరు అబద్ధం చెబుతుంది, ఫెండరు గీరుకుంటుంది. పల్చటి టైరు గోడతో మన గుంతల్లో రిమ్ము వంగడం ఎలాగూ ఉంది.

బ్రేకు ఆయిలు గురించి ఎవరూ మాట్లాడరు, ఫోటోలో కనిపించదు కాబట్టి. అది గాల్లోంచి తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిలు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. తిరుమల నుంచో, అరకు నుంచో కిందికి వస్తూ బ్రేకు తొక్కుతూనే ఉంటే ఆయిలు మరిగి బుడగలు కడుతుంది. పెడల్ దూదిలా లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి మార్చే ఆ చిన్న సీసా ధర, మోత సైలెన్సరు ధరతో పోలిస్తే లెక్కలోకి రాదు.

ఘాట్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే పెట్రోలు ఆదా అని ఇంకా నమ్మేవాళ్లున్నారు. ఇప్పటి ఇంజనుల్లో వ్యవహారం తిరగబడింది. గేరులో ఉండి కాలు తీసి దిగుతుంటే చక్రాలే ఇంజనును తిప్పుతాయి, ఈసీయూ పెట్రోలు పూర్తిగా కట్టేస్తుంది. న్యూట్రల్‌లో ఐడిలింగు కోసం పెట్రోలు తాగుతూనే ఉంటుంది, బ్రేకుకి ఇంజను సాయమూ ఉండదు.

ఎడమ కాలికి పాఠం

సాయంత్రం ఎండ తగ్గాక మేస్త్రి పక్క సీట్లో కూర్చున్నాడు. నేను వెనక, ఆ ప్లాస్టిక్ కవరు మీద. బందరు రోడ్డు ఎక్కాం.

మొదటి పది గేర్లూ మామూలే. కుర్రాడి కుడి కాలు లేచేలోపే ఎడమ కాలు క్లచ్ మీద పడుతోంది. అంటే ఇంజను ఇంకా లాగుతుండగానే దాని బరువు తీసేస్తున్నాడు. ముల్లు దిగకపోగా ఒక వంద పైకి ఎగురుతోంది. "ముందు కుడి కాలు. తర్వాత ఎడమ. రెండిటి మధ్య ఊపిరంత సందు," అన్నాడు మేస్త్రి. కాలు తీశాక ఇంజను గేరులోనే ఉంటే చక్రాలు దాన్ని పట్టుకుని కాస్త దింపుతాయి. అప్పుడు క్లచ్ తొక్కితే మిగిలేది తక్కువ. మూడు వేల దాకా లాగకుండా రెండు వేల పైచిలుకులో మార్చితే దిగాల్సిన మెట్లే తక్కువ. రాడ్డును కొట్టినట్టు తోయకుండా, న్యూట్రల్ దగ్గర రెప్పపాటు ఆపి మూడోదాంట్లోకి జారవిడవాలి. ఆ రెప్పపాటే ఈసీయూ అడుగుతున్న సమయం.

బెంజి సర్కిల్ దాటాక మూడోసారి కుదుపు రాలేదు. ఆరోసారి గేరు మారిందని ముల్లు చూస్తే తప్ప నాకు తెలియలేదు. కుర్రాడు అద్దంలో నా వైపు చూసి నవ్వాడు. గేరు దించేటప్పుడు తగినంత రేజు ఇచ్చి కలపడం ఎలాగో కూడా మేస్త్రి చూపించాడు. అది రెండు సార్లు కుదిరి నాలుగు సార్లు కుదరలేదు. కుదిరినప్పుడు రాడ్డు వెన్నలో కత్తిలా దిగింది. కుదరనప్పుడు మేస్త్రి నాలుక కరుచుకున్నాడు.

షెడ్డు దగ్గర దింపాక కుర్రాడు డబ్బులివ్వబోతే మేస్త్రి తీసుకోలేదు, స్కానరు పెట్టినందుకు రెండొందలు తప్ప. కుర్రాడు కారెక్కి, అద్దం దించి, కాసేపు నసిగాడు.

"బాబాయ్... మరి సైలెన్సరు?"

మేస్త్రి జేబులోంచి సుద్దముక్క తీసి కిటికీలోంచి చేతికిచ్చాడు. "పెట్టుకో. పాతది ఆ మూల పడేసి, నంబరు తెలిసేలా రాసి వెళ్లు."